నూట పన్నెండు దాకా

ఆ ఆర్కెస్ట్రాలో యాభై ముగ్గురు ఉండేవాళ్లు. ఇప్పుడు యాభై ఇద్దరు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు కాని, ఆ పొద్దున రిహార్సల్ హాల్లోకి అడుగుపెట్టిన ప్రతివాళ్ల చూపూ మొదట వెనక వరుసలోని ఖాళీ కుర్చీ మీదికి వెళ్లి, గబుక్కున పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత అందరూ అవసరం లేకపోయినా వయొలిన్ పెట్టెలు తెరిచి మూసి, కుర్చీలు బరబరా ఈడ్చి నానా హడావిడీ చేశారు.

ఆ కుర్చీ గడియారానిది. గడియారం అంటే మనిషే. ట్రయాంగిల్ అనే మూడు మూలల ఇనప కడ్డీ వాయించేవాడు. వాడు నిద్రలో కూడా లెక్కపెడతాడని పేరు, అందుకే అందరూ వాణ్ణి అలా పిలిచేవాళ్లు. పద్దెనిమిదేళ్ల వాణ్ణి మూడు రోజుల జ్వరం తీసుకుపోయి నాలుగు నెలలైంది. ఆర్కెస్ట్రాని నడిపించే మాస్టారు కచేరీ వాయిదా వేశారు, హాలుకి తాళం పడింది. మళ్లీ తెరిచింది ఇవాళే. కచేరీ వచ్చే ఆదివారం.

ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్న పిల్లని పిడుగు అంటారు. ఆ పేరు ఆమె వాయించే పెద్ద ఇత్తడి పళ్లేల్లాంటి సింబల్స్ వల్ల వచ్చిందో, ఆమె నోటి వల్ల వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. రెండూ సరిపోతాయి. గడియారం ఆమెకి పెద్దమ్మ కొడుకు. పదకొండు రోజులు పెద్ద. ఆ పదకొండు రోజుల దర్జా చూపించి అన్నయ్యా అని పిలిపించుకోవాలని వాడు చెయ్యని ప్రయత్నం లేదు. ఈమె "ఒరేయ్" దాటితే ఒట్టు.

కచేరీలో చివరి పాటలో పిడుగుకి పని ఒక్కటే, ఒకే ఒక్క దెబ్బ. దానికి ముందు నూట పన్నెండు బార్లు, అంటే తాళం ఆవర్తాలు, ఖాళీ. బార్‌కి నాలుగు దెబ్బల చొప్పున నూట పన్నెండు లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకుని కూర్చోవాలి. నూట పదమూడో బార్ మొదటి దెబ్బకి, హాలంతా ఉప్పొంగిన క్షణాన, రెండు పళ్లేలూ కలవాలి. ఒక్క బార్ ముందు పడితే పరువు పోతుంది. వెనక పడినా అంతే. వయొలిన్ల గుంపులో ఒకడు తప్పితే ఎవరికీ తెలియదు. సింబల్స్ తప్పితే బయట కాపలావాడికి కూడా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మూడేళ్లలో పిడుగు ఒక్క బార్ కూడా లెక్కపెట్టలేదు. లెక్క గడియారం పెట్టేవాడు. నూట ఎనిమిదికి మోచేత్తో ఒక పోటు పొడిచేవాడు, పళ్లేలు ఎత్తమని. నూట పన్నెండు పూర్తవుతుండగా రెండో పోటు, కొట్టమని. ఈ మధ్యలో ఆమె హాయిగా కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. అందరూ మాత్రం ఆహా, ఏం గురి అనుకునేవాళ్లు.

అందుకే ఆ పొద్దున ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. మాస్టారు చేతిలో పుల్ల ఎత్తారు. పాట మొదలైంది. పిడుగు లెక్క మొదలుపెట్టింది. ఇరవై దాకా బాగానే నడిచింది. నలభై దగ్గర అది నలభయ్యా, ముప్ఫై తొమ్మిదా అని అనుమానం వచ్చింది. అనుమానం తీర్చుకునేలోపు ఇంకో మూడు పోయాయి. చివరికి హాలు ఉప్పొంగింది, ఆమె పళ్లేలు ఒళ్లోనే ఉండిపోయాయి.

మాస్టారు ఆపారు. "ఏమ్మా, పిడుగు పడలేదేం?"

కొందరు నవ్వారు. మామూలు రోజైతే దీనికి నాలుగు జవాబులు చెప్పేది. ఇప్పుడు తల దించుకుని, "సారీ మాస్టారూ, ధ్యాస తప్పింది" అంది.

"తప్పుతుందమ్మా, నాకు తెలుసు." మాస్టారి గొంతు మెత్తబడింది. "కష్టంగా ఉంటే చెప్పు. ఈ ఒక్కసారికి సింబల్స్ ఇంకెవరికైనా ఇస్తాను. తప్పేం కాదు."

ఆ మెత్తదనం తిట్టుకన్నా గట్టిగా తగిలింది. "నేనే కొడతాను" అందామె.

రెండోసారి మొదలుపెట్టారు. ఈసారి ముప్ఫైలోనే లెక్క పోయింది. ఆమెకి ఏడుపు వచ్చింది. ఒళ్లో పళ్లేలు పట్టుకుని, ఇక ఏదైతే అదవుతుందని కళ్లు మూసుకుంది. అప్పుడు కుడి మోచేతి మీద, ఎప్పుడూ తగిలే చోటే, ఒక పోటు పడింది.

పక్కకి చూడలేదు. చూడాలంటే భయమేసింది. చేతులు వాటంతటవే పైకి లేచాయి. నాలుగు బార్లు గడిచాయి. రెండో పోటు తగిలింది. ఆమె కొట్టింది. పళ్లేల మోత కిటికీ అద్దాలని వణికించి నిదానంగా చల్లారింది. పాట అయ్యాక అందరూ చెక్క నేల మీద కాళ్లు టపటపలాడించారు. చేతుల్లో వాయిద్యాలున్నవాళ్ల చప్పట్లు అవే. పిడుగు అప్పుడు పక్కకి చూసింది. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం అందరూ నేల మీదే కూర్చుని డబ్బాలు విప్పారు. ఆ ఆర్కెస్ట్రాలో ఎవరి డబ్బా వాళ్లు తినడం అనేది లేదు. ఒకరి మూతలో ఇంకొకరి కూర, ఆ కూరకి మూడోవాళ్ల వంకలు. తాతయ్య వచ్చి పిడుగు పక్కన చతికిలబడ్డాడు. టింపనీ అనే పెద్ద రాగి డ్రమ్ములు వాయించే తాతయ్య వయసు పంతొమ్మిదే. కాని మెడకి మఫ్లర్, నోట్లో ఎప్పుడూ మోకాళ్ల నొప్పి మాట.

"ఇందాక ఎవరు లెక్కపెట్టారే నీకు?" అన్నాడు మెల్లిగా.

"నేనే."

"నీ పెదాలు కదల్లేదు. లెక్కపెట్టేవాళ్ల పెదాలు కదుల్తాయి. వాడివి కదిలేవి. మూడేళ్లుగా చూస్తున్నాను."

పిడుగు చేతిలోని ముద్ద డబ్బాలో పెట్టేసింది. "తెలిసీ ఎప్పుడూ అనలేదేం?"

"అనడానికేముంది? ఇద్దరికీ కలిపి ఒక బుర్ర ఉంది, పని జరుగుతోంది కదా అనుకున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు నిండాయి. మోచేతి సంగతి చెప్పేసింది. తాతయ్య నవ్వలేదు. ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, మఫ్లర్ సర్దుకున్నాడు.

"నేను లెక్కపెట్టి సైగ చేస్తాలే. నాకు ఆ చోట పనేం లేదు" అన్నాడు.

"వద్దు. నాకు లెక్క రాదు కాబట్టే వాడొచ్చాడు. ఇంకొకళ్లు చెప్తే రాడు."

"వాడు రావాలా మరి?"

"రావాలి" అంది పిడుగు. నాలుగు నెలలుగా వాడు ఇంట్లో ఏ మూలా లేడు, కలలోకైనా రాలేదు. పెద్దమ్మ వాడి గది తలుపు తీసి నిలబడి, మళ్లీ వేసేస్తుంది. అలాంటివాడు ఇక్కడికి వచ్చాడు. ఆ రెండు పోట్ల కోసం ఆమె జీవితాంతం లెక్క నేర్చుకోకుండా ఉండడానికైనా సిద్ధమే.

భోజనాలయ్యాక మాస్టారు పుల్లతో బల్ల మీద కొట్టారు. "మొదట్లో మనం పదహారు బార్లు తీసేశాం, గుర్తుందా? ట్రంపెట్ల వాళ్లకి ఊపిరి చాలడం లేదని. పొద్దున విన్నాను, ఇప్పుడు చాలుతోంది. వాటిని వెనక్కి తెచ్చేద్దాం. కాగితాల మీద కొట్టేసిన గీతలు చెరిపెయ్యండి. పిడుగూ, నీ లెక్క ఇకనుంచి నూట ఇరవై ఎనిమిది."

హాలంతా రబ్బర్ల చప్పుడు. ట్రంపెట్ల వాళ్లు రొమ్ము విరుచుకున్నారు. పిడుగు మాత్రం కదలకుండా కూర్చుంది. గడియారం పాట వినేవాడు కాదు, అంకెలే వినేవాడు. వాడికి తెలిసింది నూట పన్నెండే. ఈ మధ్యాహ్నం మారిన సంగతి వాడికి ఎవరు చెప్తారు? నూట పన్నెండు అయ్యేసరికి ఇప్పుడు వయొలిన్లు ఊపిరి బిగబట్టినట్టు సన్నగా వాయిస్తుంటాయి. అక్కడ పళ్లేలు పడితే యాభై మంది కష్టం బూడిదలో పోసినట్టే.

లేచి తాతయ్య దగ్గరికి వెళ్లింది. "నువ్వు సైగ చెయ్యక్కర్లేదు. నాకు లెక్క నేర్పు."

ఆ నేర్పు చాలా చిన్నది. బార్ మొదటి దెబ్బకి ఒకటి బదులు ఆ బార్ అంకె చెప్పుకోవాలి. ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు. అంతే. తప్పిపోదు. మూడేళ్లు తన పక్కనే గొణిగిన గొణుగుడు ఇదేనని పిడుగుకి ఇప్పుడు అర్థమైంది. ఆమె నేర్చుకుంటుండగానే సంగతి వరుస నుంచి వరుసకి పాకింది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ట్రాంబోన్ వాయించే అక్క వెనక్కి తిరిగి, "యాభైకి నేను చెవి గోక్కుంటాను, సరిచూసుకో" అంది. "వందకి నేను దగ్గుతాను, ఎలాగూ దగ్గు ఉంది" అన్నాడు తాతయ్య.

మాస్టారు పుల్ల ఎత్తారు.

పిడుగు పెదాలు కదలడం మొదలైంది. యాభైకి అక్క చెవి గోక్కుంది. సరిపోయింది. వందకి తాతయ్య దగ్గాడు. సరిపోయింది. నూట అయిదు. నూట ఆరు. నూట ఎనిమిది.

మోచేతి మీద పోటు పడింది.

ఆమె పళ్లేలు ఎత్తలేదు. నూట తొమ్మిది రెండు మూడు నాలుగు. ఇంకో పోటు, కొంచెం గట్టిగా. నూట పది. ఇంకోటి. ఏం చేస్తున్నావే, వినబడలేదా అన్నట్టు, కంగారుగా, వరసగా. వాడు బతికుండగా ఏనాడూ అంతలా కంగారుపడలేదు. వయొలిన్లు సన్నబడ్డాయి. నూట పన్నెండు. మోచెయ్యి జివ్వుమనేలా పోటు పడింది. పళ్లేల తోలు పట్టీలు ఆమె అరచేతుల్లో తడిసిపోయాయి. కొట్టెయ్యాలనిపించింది. ఒక్కసారి తప్పైతే ఏం, పోయినవాడి మాట దక్కుతుంది కదా అనిపించింది.

పెదాల మీది అంకె పోకుండానే, ఊపిరితో అంది, "పదహారు కలిపార్రా. నువ్వు లేనప్పుడు."

పోట్లు ఆగిపోయాయి. నూట పదమూడు రెండు మూడు నాలుగు. నూట పధ్నాలుగు. నూట ఇరవై నాలుగుకి ఎవరూ చెప్పకుండా పళ్లేలు ఎత్తింది. నూట ఇరవై ఎనిమిది దాటగానే కొట్టింది. అంత గట్టి దెబ్బ ఆ హాలు వినలేదు. కాళ్ల చప్పుడుకి నేల అదిరింది. తాతయ్య మఫ్లర్ తీసి గాల్లో ఊపాడు. పిడుగు మోగుతున్న పళ్లేలని అలాగే పైకి పట్టుకుని నిలబడిపోయింది.

"బ్రహ్మాండం" అన్నారు మాస్టారు. "ఇంకొక్కసారి, మొదటి నుంచి."

ఆమె కూర్చుంది. లెక్కపెట్టింది. యాభైకి అక్క తిరగలేదు, అవసరం లేదని ఆమెకీ తెలిసిపోయినట్టుంది. నూట ఎనిమిదికి పిడుగు కుడి మోచేతిని పక్కకి కొంచెం జరిపి ఉంచింది. ఏమీ తగల్లేదు. నూట పన్నెండుకీ తగల్లేదు. బతికున్నన్నాళ్లూ వాడు ఆమె చెప్పిన మాట ఒక్కటీ విన్న పాపాన పోలేదు. ఇది మాత్రం విన్నాడు.

నూట పదమూడు రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టుకుంటూ ఆమె ఏడుస్తూనే ఉంది, లెక్క మాత్రం తప్పలేదు.