కాలం మీద ఇరవై ఇంగ్లీషు పలుకుబళ్లు

నిజాం కాలంలో ఉర్దూ చదివి బడిపంతులైన లక్ష్మీరాజానికి నలభై రెండో ఏట ఇంగ్లీషు పరీక్ష వచ్చి పడింది. పాసు కాకపోతే నౌకరీ ఉండదని కరీంనగర్ నుంచి కాగితం. దానికి కుట్టి ఇంకో కాగితం: కాలం విలువ చెప్పే ఇంగ్లీషు పలుకుబళ్లు ఇరవై. అర్థం చెప్పాలి. ఒక్కోదాన్ని సొంత వాక్యంలో వాడాలి.

పెద్దపల్లి పక్కన ఉన్న ఆ ఊళ్లో ఇంగ్లీషు నేర్పేవాడు లేడు. ఉన్నదల్లా భార్య బాలలక్ష్మి. ఆమెకు అక్షరం రాదు గానీ చెవి గట్టిది. బియ్యంలో రాళ్లు ఏరుతూ రోజూ అప్పజెప్పించుకునేది.

"టైమ్ అండ్ టైడ్ వెయిట్ నో మ్యాన్."

"నిన్న నడుమల ఫర్ అన్నవ్. ఇయ్యాల మింగినవ్."

"గదే. ఫర్ నో మ్యాన్."

"అంటే?"

"కాలం, సముద్రం పోటు ఎవ్వలకోసం ఆగయని."

"సముద్రం ఎన్నడన్న చూసినవా?"

"మానేరు వాగు చూసిన. చాలదా?"

"సార్లకు గట్లనే చెప్పు, కొలువు ఊడుతది" అని నవ్వేది.

వైశాఖంలో ఆమెకు జ్వరం తగిలింది. ఆరు రోజులు కాసింది. ఏడో రోజు ఆమె లేదు.

పరీక్ష సరిగ్గా ఆమె పోయిన పదోనాడు పడింది. కర్మ ఉంది, ఇంకో తేదీ ఇవ్వండని లక్ష్మీరాజం స్కూళ్ల ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాడు. జవాబు రెండు ముక్కలు. పొద్దున పది దాటి ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వం. దాని కింద ఇంగ్లీషులో, కాలమూ పోటూ ఎవరి కోసమూ ఆగవని. అదేమిటో ఎవరినీ అడిగే పని లేకపోయింది. భార్యే అప్పజెప్పించిన మాట.

పదోనాడు పొద్దు పొడవకముందే వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి తృప్తి కలిగితే కాకి వచ్చి అన్నం ముడుతుంది. అది ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు. ఏం కోరిక మిగిలిందో అని ఒక్కొక్కరే మాట ఇస్తూ, ఎంతసేపైనా నిలబడతారు.

"అక్కా, నీ బర్రెను అమ్మం" అన్నాడు బాలలక్ష్మి తమ్ముడు బుచ్చిరాములు. కాకి రాలేదు.

"నీ మాట కోసమే ఆగింది అల్లుడా, చెప్పు" అంది అత్త కనకవ్వ.

"పరీక్షల పాసైత బాలలక్ష్మీ" అన్నాడు లక్ష్మీరాజం.

కాకులు చెట్టు మీదే కూర్చున్నాయి. బస్సు వేళయింది.

"కాకి ముట్టకుంటె ఆవుకు పెట్టుండ్రి. నేను పోవాలె."

"ఇంగ్లీషుకున్న ఇజ్జత్ మా అక్కకు లేదా బావా?"

"నౌకరి పోతె నువ్వు సాదుతవా?"

"సాదుత. పోకు."

పోయాడు. బుచ్చిరాములు వెనక నుంచి ఉమ్మిన చప్పుడు వినబడింది.

తొమ్మిదిన్నరకు గుండుతో, తడి ధోవతితో కరీంనగర్‌లో పరీక్ష ఆఫీసు అరుగు ఎక్కాడు. అతనితో కలిపి పది మంది పంతుళ్లు. పది దాటింది. పన్నెండు దాటింది.

"సారు దోస్తు కొత్తింట్ల బువ్వకు పోయిండు" అన్నాడు గుమస్తా హనుమండ్లు. "ఫికర్ పడకుండ్రి, వస్తడు. జర ఆగుండ్రి."

ఈ లోపల ఆ కాకి పదిసార్లు వచ్చిపోయేది అనుకున్నాడు లక్ష్మీరాజం. కడుపులో మెతుకు లేదు.

రెండున్నరకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నోట్లో కిళ్లీ. పంతుళ్లను లోపల కూర్చోబెట్టి, గుండు చూసి గుర్తుపట్టాడు.

"ఉత్తరం రాసింది నువ్వేనా? చూశావా, రాలేనన్నవాడివి వచ్చావు. మనసుంటే ఎందుకు కుదరదయ్యా! సరే, నేను రాసిన మాటకి అర్థం చెప్పు."

చెప్పాడు.

"సొంత వాక్యం?"

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. ఒక్క మాటా మింగకుండా, నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. మమ్మల్ని పదింటికి పిలిచిన ఇన్‌స్పెక్టరు రెండున్నరకు వచ్చాడు, కాలం ఆయన కోసం ఆగలేదు, నా భార్య కర్మా నా కోసం ఆగలేదు, అని.



"తప్పున్నదా సార్?"

"ఇంగ్లీషులో లేదు. నీ పొగరులో ఉంది." ఇన్‌స్పెక్టరు తెల్లకాగితం ముందుకు తోశాడు. "క్షమాపణ రాసివ్వు, పాసు వేస్తాను. లేదంటే ఇంటికి పో."

లక్ష్మీరాజం కలం పట్టుకుని కూర్చున్నాడు. పాసవుతానని ఆమెకు మాట ఇచ్చాడు. చెయ్యని తప్పుకు కాళ్లు మొక్కి పాసవుతానని ఇవ్వలేదు.

తెలుగులో నాలుగు వాక్యాలు రాశాడు. పదింటికి పిలుపు. తొమ్మిదిన్నరకు హాజరు. రెండున్నర దాకా పరీక్ష మొదలు కాలేదు. అడిగినదానికి తప్పు లేకుండా చెప్పాను. సంతకం పెట్టి, ఇన్‌స్పెక్టరుకు కాదు, హనుమండ్లుకు ఇచ్చాడు.

"ఇన్‌వార్డుల ఎక్కియ్యి."

వచ్చిన కాగితాల రిజిస్టరులో ఎక్కి నంబరు పడిన కాగితాన్ని ఎవరూ చింపలేరు. అక్కడున్న అందరికీ అది తెలుసు. హనుమండ్లు ఇన్‌స్పెక్టరు ముఖం చూశాడు.

"పంతులూ, నన్నెందుకు పరేషాన్ చేస్తవ్?"

"నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేసిన."

హనుమండ్లు రిజిస్టరు తెరిచి, నంబరు వేసి, ముద్ర కొట్టాడు.

"సాక్షి సంతకం ఎవలన్న పెడ్తరా?" అని లక్ష్మీరాజం మిగతా తొమ్మిది మందినీ అడిగాడు. తొమ్మిది తలలూ కిందికి వంగాయి. వాళ్లకూ పిల్లలున్నారు, నౌకరీలున్నాయి. అయినా వాళ్లను లక్ష్మీరాజం క్షమించలేదు.

జ్యేష్ఠంలో ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషు రానందున ఉద్యోగం నుంచి తొలగించడమైనది, అని. లక్ష్మీరాజం దాన్ని రెండుసార్లు చదివాడు. అడుగున, ఈ కాగితం ఏ తేదీన ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తనకు అందిందో ఇంగ్లీషులో ఒక్క తప్పూ లేకుండా రాసి, సంతకం చేసి, అదే టపాలో తిప్పి పంపాడు.