చేనుకు బరువు

పొద్దున్నే పళ్లు తోముకోగానే కోడలు చేసే మొదటి పని చేను చుట్టూ తిరిగి మేకులు దిగ్గొట్టడం. రాత్రి వీచిన గాలికి చేను జానెడు పైకి లేచి ఉండేది. ఆ మెట్టలో అందరి చేలూ అంతే. సారం తగ్గేకొద్దీ తేలికైపోతాయి, తాళ్లేసి కట్టుకోవాలి. నిరుడు పక్క చేను తాళ్లు తెంపుకుని కొండ అవతలికి పోయింది. దాని ఆసామి ఇప్పుడు గోదాముకు కాపలా ఉంటున్నాడు, పాపం.

కోడలి పుట్టిల్లు పల్లపు నేల. అక్కడి చేలు లేవవు సరికదా, ఆకూ అలమూ తిని బరువెక్కి ఏటా కాస్త కిందికి దిగుతాయి. అందుకే కాపురానికొచ్చిన ఏడాదే, కోత అయ్యాక మిగిలిన జొన్న మోళ్లకు మొగుడు నిప్పు పెట్టబోతే అడ్డం పడింది. చేను నోటి దగ్గరి కూడు కాల్చేస్తే అదెలా నిలబడుతుందని అడిగింది.

మొగుడు చెడ్డవాడు కాదు, వట్టి తొందర మనిషి. మీ వైపు వానలున్నాయి కాబట్టి కుళ్లుతుంది, ఇక్కడ మోడు మోడులాగే ఉంటుందన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆలస్యంగానైనా కుళ్లుతుందిలే అంది కోడలు. వీళ్ల పోరు పడలేక అత్తగారు చేను మధ్యన గీత గీసింది. తూర్పు సగం కోడలిది, పడమటి సగం కొడుకుది.

కోడలు మోళ్లు అలాగే ఉంచి, పైన ఎండుటాకులూ పేడా పరిచింది. మొదటి రెండేళ్లూ పంట అంతంతమాత్రం. అన్నానికి కూర్చున్నప్పుడల్లా, నీ చెత్త కులాసాగా ఉందా అని అడిగేవాడు మొగుడు. ఆమెకు ఏడుపొచ్చేది. ఐదో ఏటికి మాత్రం తన సగానికి మేకుల అవసరం లేకుండా పోయింది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అతను తన సగంలో నిప్పంటించాడు. అప్పుడే సుడిగాలి లేచింది. తాళ్లు పటపటా తెగాయి. గీత వెంబడి చేను చీలి, అతనితో సహా నడుమెత్తు లేచింది.

కోడలు తన సగం అంచుదాకా పరుగెత్తింది.

"ఇటు దూకండి, నేను పట్టుకుంటాను."

"ఇది మా నాన్న చేనే."

"తెలుసు. దూకండి."

దూకాడు. మడమలదాకా మెత్తగా దిగబడ్డాడు. పడమటి సగం పొగలు కక్కుకుంటూ కొండ దాటిపోయింది. అదున్న చోట బోడి రాయి మిగిలింది.

అతను అక్కడే కూర్చుని దానివైపు చెయ్యి చూపించాడు.

"దానిమీద మళ్లీ మన్ను తయారు కావాలంటే ఎన్నేళ్లు పడుతుంది?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "మనం చూడమండీ. మన పిల్లలూ చూడరేమో."

ఆ తొందర మనిషి లేచి, గంపనిండా ఎండుటాకులు ఎత్తుకుని, రాయివైపు నడిచాడు.