మూడు దీపాలూ కలిసి ఆరినప్పుడు

మా ఊరికి కరెంటు వచ్చేసరికి నేను నాలుగో తరగతి. ఇది ఎక్కడినుంచి వస్తుందండీ అని మా బడి పంతులుగారిని అడగాలనుకున్నాను గానీ నోరు రాలేదు. చివరికి నాన్నని అడిగాను.

"సీలేరు నుండొత్తాది. కొండల మీదనుండి నీలు కిందకి దూకుతాయి. అదే కరెంటయిపోద్ది," అన్నాడు.

నీళ్లు దూకితే మా వసారాలో బల్బు ఎందుకు వెలుగుతుందో నాన్నకీ తెలియదు. ఆ సంగతి చూడాలని నాకు అప్పటినుంచే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

పదో తరగతి పాసయ్యాక నర్సీపట్నం జూనియర్ కాలేజీలో కొత్తగా పెట్టిన ఎలక్ట్రికల్ కోర్సులో సీటొచ్చింది. బలిఘట్టంలో మా మేనత్త బుల్లమ్మ ఇంట్లో ఉండి నడిచి వెళ్లేదాన్ని. క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. నేను, అలివేలుమంగ. వాళ్ల నాన్నగారు ఆ కాలేజీ ఆఫీసులోనే గుమస్తా. తను మాట్లాడుతూనే ఉండేది, నేను వింటూ ఉండేదాన్ని. మొగపిల్లలు మా ఇద్దరికీ 'రేడియో, స్టాండు' అని పేర్లు పెట్టారు. స్టాండుని నేను.

మా మాస్టారు రామనాథం గారు. ఆయన పాఠం బోర్డు మీద తక్కువ, ల్యాబులో ఎక్కువ. ల్యాబు అంటే సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు. ఒక టూరింగ్ టాకీసు మూసేస్తుంటే వాళ్ల దగ్గర ఆయిల్ ఇంజనూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరూ మాస్టారు బతిమాలి తెచ్చారు. ఇంజను తిప్పితే బెల్టు మీద ఆల్టర్నేటర్ తిరుగుతుంది. ఆ బెల్టు మీద ఇంకా సినిమా పోస్టరు ముక్క అంటుకుని ఉండేది.

మొదటి రోజే మాస్టారు ఒక రూలు చెప్పారు. "కనెక్షన్ ఎవరిచ్చారో స్విచ్ వాళ్లే వెయ్యాలి. ఇంకెవడి చెయ్యీ స్విచ్ మీద పడకూడదు. నేనైనా సరే. ఏ తీగ ఎక్కడ బిగించారో బిగించినవాళ్లకే తెలుస్తుంది."

నాకు ఆ రూలు ఎంతో నచ్చింది. మాట్లాడక్కర్లేని రూలు అది. కనెక్షన్ ఇస్తే చాలు, స్విచ్ నాదే. నా చేతిని తోసేసి ముందుకొచ్చేవాళ్లు ఉండరు.

అన్నిటికంటే కష్టమైన ప్రయోగం, మా ఆల్టర్నేటర్ కరెంటుని ఊరి లైను కరెంటుతో కలపడం. రెండూ ఒకే అడుగు వేస్తున్నప్పుడే కలపాలి. అది కనిపెట్టడానికి చెక్క బోర్డు మీద మూడు దీపాలు ఉంటాయి. కలిసే వేళ దగ్గరపడుతుంటే ఆ దీపాలు మెల్లగా వెలుగుతాయి, మెల్లగా ఆరుతాయి. నిద్రపోతున్న పసిపిల్ల పొట్టలాగా. మూడూ పూర్తిగా ఆరిన క్షణంలో స్విచ్ వెయ్యాలి. అప్పుడు చప్పుడే ఉండదు. వెలిగినప్పుడు వేస్తే రెండు కరెంట్లూ ఎదురెదురుగా గుద్దుకుంటాయి.

"ఇంకొక్క సంగతి," అనేవారు మాస్టారు. "మూడు దీపాలూ కలిసి వెలిగి కలిసి ఆరితే కనెక్షన్ సరైనదని గుర్తు. ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పరిగెడితే తీగలు తారుమారయ్యాయని గుర్తు. దీపాలు అబద్ధం చెప్పవు."

మొగపిల్లలు తొందరపడేవారు. ఫ్యూజులు పోయేవి. నాకు తొందర లేదు. దీపాల్ని చూస్తూ నిలబడేదాన్ని, అవి ఆరేవి, స్విచ్ వేసేదాన్ని. చప్పుడు వచ్చేది కాదు. మాస్టారు "శభాష్ సింహాద్రమ్మా" అనేవారు. ఆ మాట పట్టుకుని బలిఘట్టం దాకా నడిచేదాన్ని, అత్త పెట్టిన అన్నం ఏ కూరతో తిన్నానో కూడా తెలిసేది కాదు.

రెండో ఏడు శీతాకాలంలో ఒక కబురు తెచ్చారు మాస్టారు. వేసవి సెలవుల్లో సీలేరు పవర్ హౌసుకి శిక్షణకి క్లాసులో ఒక్కరిని పంపుతారు. కోర్సు చూడ్డానికి విశాఖపట్నం నుంచి ఆఫీసరు వస్తున్నారు. ఆయన ముందు దీపాల ప్రయోగం ఎవరు చేస్తే వాళ్ల పేరే వెళ్తుంది.

"ఇంకెవరు? సింహాద్రమ్మే," అన్నారు.

అంతటితో ఆగలేదు. ఆదివారం నేను ఇంట్లో ఉండగా బస్సెక్కి మా ఊరొచ్చి నాన్నతో మాట్లాడారు. నాన్న కంగారుపడి మంచం మీద దుప్పటి మార్చాడు.

"ఆడగుంట బాబూ. కొండల్లోకి ఒక్కర్తినీ ఎలాగ పంపుతామండి?"

"మా చెల్లెలు శ్యామలాంబ అక్కడే ఉంది. వాళ్లాయనకి పవర్ హౌసులోనే పని. వాళ్లింట్లో ఉంటుంది. నా పూచీ."

"తవరు పూచీ అంటే ఇంకేటుంది బాబూ," అన్నాడు నాన్న.

ఆ రాత్రి వసారాలో బల్బు కేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే కనెక్షన్ ఇవ్వడానికి వెళ్లాను. షెడ్డుకి మామిడి తోరణం కట్టారు. ఇంజనుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. చివరి తీగ బిగిస్తుంటే మాస్టారు వచ్చారు. నా వైపు కాకుండా బోర్డు వైపు చూస్తూ అన్నారు.

"కనెక్షన్ బేగి పూర్తి చెయ్యమ్మా. స్విచ్ చినబాబు వేస్తాడు. నువ్వు గుమ్మం దగ్గర బొట్టూ గంధం పళ్లెం పట్టుకుని నించో. ఆడపిల్లలు మీరిద్దరే కదా."

చినబాబు మా క్లాసే. వాళ్ల నాన్నగారు సూర్యనారాయణమూర్తి గారు కాలేజీ కమిటీ ప్రెసిడెంటు.

"రూలండీ..." అన్నాను. అంతవరకే వచ్చింది.

"ఇవాళ ఒక్కరోజుకి," అన్నారు.

పళ్లెం పట్టుకున్నాను. గ్రీజు పోక కుంకుమ భరిణె మీద నా వేలి మచ్చ పడింది. పక్కన పన్నీరు బుడ్డి పట్టుకున్న అలివేలుమంగ నా చెవిలో, "ఏడవకే, కాటుక కారుతుంది. మళ్లీ నాదే తప్పంటారు, పెట్టింది నేను," అంది. నవ్వించాలని.

ఆఫీసరు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఇంజను తిప్పారు. చినబాబు స్విచ్ దగ్గర నిలబడ్డాడు. కొత్త చొక్కా, చెమట. బోర్డు మీద మూడు దీపాలూ కలిసి వెలిగాయి, కలిసి ఆరాయి. మళ్లీ కలిసి వెలిగాయి. నాకు గుమ్మం దగ్గరనుంచే కనిపిస్తోంది. తీగలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పళ్లెం పట్టుకున్న చెయ్యి స్విచ్ పట్టుకున్నట్టే బిగుసుకుంది.

"ఇప్పుడు దీపాలు పూర్తిగా ఆరినప్పుడు స్విచ్ వేస్తామండి," అని మాస్టారు ఆఫీసరుకి చెప్పారు.

ప్రెసిడెంటు గారు గట్టిగా నవ్వారు. "అదేటండీ మాస్టారూ! దేవుడికి కాయ కొట్టి, దీపం ఆరినప్పుడు మొదలెడతామా? పెద్దలొచ్చిన వేళ అశుభం కాదా? ఒరే చినబాబూ, మూడూ దేదీప్యమానంగా వెలిగినప్పుడు వెయ్యరా!"

చినబాబు మాస్టారి కేసి చూశాడు.

మాస్టారు కాదు అనాలి. ఒక్క మాట. మొదటి రోజునుంచీ మాకు చెప్పిన మాటే. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

దీపాలు నిండుగా వెలిగాయి. చినబాబు స్విచ్ వేశాడు.

షెడ్డు రేకులు అదిరాయి. నీలం మెరుపు మెరిసింది. ఇంజను మూలిగి ఆగింది, బెల్టు ఊడి ఎగిరి తోరణాన్ని తెంపుకుని పోయింది. ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేసి నా పళ్లేన్ని గుద్దుకున్నారు. ఆయన తెల్ల చొక్కా భుజం ఎర్రబడింది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు.

"ఏమైందండీ?" అన్నారాయన.

ప్రెసిడెంటు గారు మాస్టారిని చూశారు. మాస్టారు నేలని చూశారు.

"కనెక్షన్‌లో పొరపాటు జరిగినట్టుందండి," అన్నారు. "ఈ అమ్మాయి ఇచ్చింది."

"అదీ సంగతి. ఆడపిల్లల చేత ఇలాటి పనులు చేయిస్తే ఇంతే మరి," అన్నారు ప్రెసిడెంటు గారు.

దీపాలు కలిసి వెలగడం క్లాసంతా చూసింది. ఆ గుర్తు అందరికీ తెలుసు. నేను ఒక్కొక్కరి మొహం చూశాను. అలివేలుమంగ పన్నీరు బుడ్డి మూత తిప్పుతోంది.

ఆఫీసరు మంచాయన. నా తల మీద చెయ్యి వేసి, "పరవాలేదమ్మా, నేర్చుకుంటావులే," అన్నారు. ఆ రోజు అన్నిటికంటే నేను తట్టుకోలేనిది అదే.

సాయంత్రం ఇంటికొస్తే అత్త నా చేతులు చూసింది. "ఏటే, కుంకానికి మసంటుకుందా, మసికి కుంకమంటుకుందా? ఎల్తన్నావా సీలేరు?"

"తెలీదత్తా," అన్నాను.

మర్నాడు క్లాసు అయిపోయాక మాస్టారు నన్ను ఆగమన్నారు. కుర్చీ చూపించారు. ఎప్పుడూ స్టూలు మీద కూర్చునేవాళ్లం.

"ప్రెసిడెంటు గారు తలుచుకుంటే ఈ కోర్సే ఎత్తేస్తారమ్మా. ఈ షెడ్డూ, ఇంజనూ అన్నీ పోతాయి. నీ తర్వాత వచ్చే పిల్లల సంగతి ఆలోచించు. నీ కనెక్షన్ సరైనదే. నీకు తెలుసు, నాకు తెలుసు. అది చాలదా?"

ఆయనకి తెలియకపోయినా బాగుండేది. పొరబడ్డారు అనుకుని ఊరుకునేదాన్ని. తెలిసి అన్నారు.

సీలేరుకి చినబాబు పేరు వెళ్లింది.

అలివేలుమంగ ఇంటర్వెల్లులో నా పక్కన కూర్చుని, "నేనేం మాట్లాడనే? మా నాన్నగారి ఉద్యోగం ఇక్కడే కదా," అంది. నేను జరిగి చోటిచ్చాను. అంతకుముందు చోటివ్వడానికి జరగాల్సిన పని ఉండేది కాదు, ఒకే ముక్కలా కూర్చునేవాళ్లం.

ఆ వారం సంతకి వచ్చిన నాన్నకి మాస్టారు కనిపించారట. అత్త ఇంటికొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"పోన్లే అమ్మా. పొరపాటు ఎవులు సెయ్యరు? మేస్టారు సానా బాదపడ్డారు. నీ మీద కోపం లేదన్నారు."

"నేను తప్పు చెయ్యలేదు నాన్నా."

"అంత సదువుకున్నాయన అబద్దమాడతాడేటి?"

నాన్న నా కోసం తెచ్చిన జీళ్ల పొట్లం అక్కడ పెట్టి, బస్సుకి వేళయిందని లేచాడు. మాస్టారు నా పేరు పాడు చేశారని అప్పటిదాకా అనుకున్నాను. మా నాన్నని కూడా నా దగ్గరనుంచి పట్టుకుపోయారని అప్పుడు తెలిసింది.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. బెల్టు బాగుచేయించారు. ఒకరోజు ల్యాబులో అందరి ముందూ మాస్టారు, మునుపటిలా నవ్వు మొహంతో, "సింహాద్రమ్మా, చినబాబు సీలేరు వెళ్తున్నాడు కదా. అక్కడ మన పరువు పోకూడదు. దీపాల ప్రయోగం వాడికి ఒకసారి నేర్పించమ్మా," అన్నారు.

తీగలన్నీ బల్ల మీద ఉన్నాయి. నేను వాటిని తీసుకున్నాను. ఒక్కొక్కటీ చుట్ట చుట్టి చినబాబు చేతుల్లో పెట్టాను.

"నువ్వే ఇయ్యి కనెక్షన్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇచ్చినవాళ్లే కదా స్విచ్ వెయ్యాలి."

వెనక ఎవరో, "ఓలమ్మో, స్టాండు మాటాడింది!" అన్నారు. కొందరు నవ్వారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

చినబాబు చెడ్డవాడు కాదు. చెవులు ఎర్రగా చేసుకుని తీగలు బిగించాడు. ఇంజను తిప్పారు. మొదటి దీపం వెలిగింది. అది ఆరుతుండగా రెండోది, రెండోది ఆరుతుండగా మూడోది. మళ్లీ మొదటిది. బోర్డు మీద వెలుగు గుండ్రంగా పరిగెత్తడం మొదలెట్టింది.

నవ్వులు ఆగిపోయాయి. రెండేళ్లలో తప్పు కనెక్షన్ ఎలా ఉంటుందో మేం మాటగా వినడమే గానీ చూడ్డం అదే మొదటిసారి. అలివేలుమంగ నా మోచెయ్యి పట్టుకుంది. నేను మాస్టారినే చూస్తున్నాను.

ఆయన ఇప్పుడు చెప్పొచ్చు. ప్రెసిడెంటు గారు లేరు, ఆఫీసరు లేరు, పళ్లెం లేదు. ఆఫీసరు వచ్చిన రోజు దీపాలు ఇలా పరిగెత్తలేదర్రా అంటే చాలు. ఆ మాట నాకు సీలేరు ఇవ్వదు. కానీ వీళ్లలో ఎవరో ఒకరు సంతలో నాన్నకి చెప్పేవారేమో.

దీపాలు తిరుగుతూనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. ఆయన మొహం మీద వెలుగు వస్తోంది, పోతోంది. నేను దీపాలు ఆరడానికి ఎదురుచూసినట్టే, తొందరపడకుండా, ఎదురుచూశాను.

"ఇంజను ఆపెయ్యరా," అన్నారు మాస్టారు. "డీజిలు దండగ. రేపు చూద్దాం."

ఇంజను ఆగింది. నేను షెడ్డు బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. ఆ రోజు ఏ తీగనీ ముట్టుకోలేదు గనక కడగడానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు కడిగాను. రోడ్డు మీద చింతపల్లి మీదుగా సీలేరు వెళ్లే బస్సు కొండల వైపు తిరుగుతోంది. అది కనబడకుండా పోయేదాకా నిలబడి, బలిఘట్టం దారి పట్టాను.