రెండు పొరల పన్ను

నేను ఒక పన్నును. ఏ నోట్లోనూ మొలవలేదు. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో, గాజుగిన్నెలో పెరిగాను. ఒక్క మెతుకైనా నమిలి ఎరగను.

ఇంకా పుట్టని ఎలుకపిల్ల దవడ నుంచి హైమ నన్ను తయారు చేసింది. ఆ దవడకి ముందువైపు మొలిచేది ముందుపన్ను, వెనకవైపు మొలిచేది దవడపన్ను. దవడ ముందువైపు పైపొరను, వెనకవైపు కిందిపొరను విడదీసి, ఒకదాని మీద ఒకటి పరిచి వెచ్చటి పెట్టెలో పెట్టింది. పక్కగిన్నెలో దీనికి సరిగ్గా తిరగేసింది. ముందుది కిందిపొర, వెనకది పైపొర.

ఈ పొరల సంసారం చిత్రమైనది. ఇక్కడ పన్ను కావాలని మొదట కబురు పెట్టేది పైపొరే. ఆ కబురు అందుకున్న కిందిపొర ఒద్దికగా దగ్గరికి చేరుతుంది, ఆ తర్వాత పెత్తనం తనే లాక్కుంటుంది. మనుషుల ఇళ్ళలో ఇలా జరగదని ఎవరైనా అంటే నేను నమ్మను.

మా పొరల వయసు వచ్చేసరికి, ఏ పన్ను కావాలో తేల్చే పెత్తనం కిందిపొరదేనని హైమ వాదన. పైపొరదేనని ఆమె గురువు సోమయాజులు గారి పట్టు. హైమ సిద్ధాంత గ్రంథమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది, గడువేమో నెత్తిమీదికి వచ్చింది. ఆమె రోజూ తలుపు తీసి చూసేది. నాకూ కాలు నిలిచేది కాదు, కాళ్ళు లేకపోయినా.

చివరికి నేను గుబ్బలు దేరి దవడపన్ను రూపం తీసుకున్నాను. పక్కగిన్నెలోది కోసుగా ముందుపన్నయింది. హైమే గెలిచింది! ఎప్పుడు చూస్తుందా అని గింజుకుంటుంటే ఆయుధపూజ వచ్చింది.

ఆ రోజు సోమయాజులు గారు సూక్ష్మదర్శినులకు బొట్లు పెట్టారు. శిష్యురాలి గిన్నెలకు కూడా మంచి జరగాలని, మూతలను స్పిరిట్‌తో తళతళా తుడిచి, గిన్నెలను పూజలో పెట్టి, వరస చూసుకోకుండా మళ్ళీ పెట్టెలో సర్దారు. ఏ గిన్నె ఏదో మార్కర్‌తో రాసి ఉన్నది ఆ మూతల మీదే. స్పిరిట్‌కి అది నిలుస్తుందా?

హైమ వచ్చి రెండు మూతలూ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఒకటి దవడపన్ను, ఒకటి ముందుపన్ను. ఎవరి వాదన గెలిచినా గిన్నెల్లో ఉండేది ఈ రెండే.

ఆయన మొహం చిన్నబోయింది. "తప్పు నాదేనమ్మా. నీదే నెగ్గిందని రాసేసుకో, నేను సంతకం పెడతాను."

"నాకు తెలీంది ఎలా రాస్తాను సార్?"

"గడువు?"

"దాటిపోతుందండి. మళ్ళీ మొదట్నించీ చేస్తాను."

నేను! నేనే సాక్షిని! నా గుబ్బల కిందున్నది వెనకవైపు పొరే! ఎంత అరిచినా నా దగ్గర అరుపు లేదు. నిజం చేతికి అందేంత దూరంలో ఉండగా వద్దనే ఈ నిజాయితీ ఏమిటో! నాకు ఒళ్ళు మండిపోయింది.

హైమ నన్ను పట్టకారుతో పైకెత్తి, చాలాసేపు చూసింది. "నువ్వు నా పక్షమేననిపిస్తోందే," అంది మెల్లగా. కళ్ళు తుడుచుకుని, పరిశోధనశాల చెత్త వేసే పసుపురంగు సంచిలో వేసేసింది.

నా కోపం ఇంకా చల్లారలేదు. కానీ ఆ వేళ నన్ను నిజమని రాసేసి ఉంటే, ఆ అమ్మాయిని నేనే నమ్మేదాన్ని కాదు.