నాలుగు కన్నాల పని

వెనక మూత మరలు విప్పి, డ్రిల్లింగ్ మిషన్ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడతను. మోటారు లోపలి తీగచుట్ట, వైండింగ్, కాలిన వాసన. చూడకముందే తెలుసు. అయినా వచ్చిన ప్రతి మిషన్నీ వాసన చూడటం ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు రెండూ పీకి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. కొత్తవి, అరగనే లేదు. అంటే మిషను పని చేసి చావలేదు, పని చేయించడం రానివాడి చేతిలో చచ్చింది.

"ఏం చేశారు దీన్ని?" అన్నాడు తలెత్తకుండా.

కౌంటరుకి అవతల నిలబడ్డది ఒక దర్జీ. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చాడు.

"గోడకి అద్దం తగిలిద్దామనండి. కన్నం పడలేదు. గట్టిగా నొక్కాను."

"ఎంతసేపు?"

"ఓ అరగంట."

అతను మిషన్ను దర్జీ వైపు తిప్పి, పక్కనున్న చిన్న మీటను వేలితో తట్టి చూపించాడు. "ఇది ఎటుంది? ఎడమకి. అంటే కన్నం వేసే బిట్టు వెనక్కి తిరుగుతోంది. పైగా చెక్కకి వాడే బిట్టు. చెక్క బిట్టుని వెనక్కి తిప్పుతూ సిమెంటు గోడని అరగంట నొక్కారు. సూదిని తలకిందులుగా పెట్టి బట్ట కుడతారా మీరు?"

దర్జీ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అది చూసి అతనికి కడుపు నిండింది. అట్టముక్క తీసి, తేదీ వేసి, 'వాడినవాడి తప్పు' అని రాసి, దారంతో మిషను మెడకి కట్టాడు. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ అట్టముక్కల మీద ఇంకో కారణం రాసిన పాపాన పోలేదు. దుకాణంలో అందరూ అతన్ని పోస్ట్‌మార్టం అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ముఖంమీదే అనడం మొదలుపెట్టారు. అతనూ పలకడం మొదలుపెట్టాడు.

పనిముట్ల దుకాణం వెనక భాగంలో, ఇనప జల్లెడ తలుపుకి లోపల అతని బల్ల. సన్నటి మనిషి. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. గోళ్ళ కింద గ్రీజు ఎన్ని సబ్బులు రాసినా పోదు. మిషన్ల అరుపులు విని విని ఎడమ చెవి సగం పోయింది, అందుకని ఎవరు మాట్లాడినా తల కొంచెం పక్కకి వాల్చి వింటాడు. చూసేవాళ్ళకి అది వినయంలా కనిపిస్తుంది. అతనిలో వినయం అన్నది మచ్చుకి కూడా లేదు.

సెలవురోజున ఇంట్లో సొంతంగా మరమ్మతులు మొదలుపెట్టేవాళ్ళంటే అతనికి ఒళ్ళు మంట. ఏడాదికి రెండు మేకులు కొట్టేవాడు గోడలు పగలగొట్టే మిషను కావాలంటాడు. అలాంటివాడొకడు పటం తగిలించబోయి పక్కింటివాళ్ళ పడకగదిలోకి దారి చేశాడు. ఇంకొకడు సరిగ్గా నీళ్ళ గొట్టంలోకే కన్నం పెట్టి, బొటనవేలితో మూసుకుని, ఎవరో వచ్చి నీళ్ళు ఆపేదాకా గంటసేపు నిలబడ్డాడట. ఆ కథ చెప్పేటప్పుడు అతను తనే బొటనవేలు గోడకి ఆనించి నిలబడి చూపిస్తాడు. వినేవాళ్ళు నవ్వితే నవ్వుతారు, లేకపోతే లేదు. అతనికి మాత్రం ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

మరి ఇంత తెలిసిన మహానుభావుడి స్నానాలగదిలో నాలుగు కన్నాలు పెట్టాల్సిన పని రెండేళ్ళుగా అలాగే ఉంది.

భార్య మోకాళ్ళు పోయాయి. తడినేల మీద నిలబడాలంటే ఆమెకి భయం. పట్టుకోవడానికి గోడకి ఒక స్టీలు హ్యాండిల్ కావాలంది. హ్యాండిల్ కొన్నాడు, అదీ మంచిదే కొన్నాడు. ఆ కొన్నది కొన్నట్టు ప్లాస్టిక్ కవరులో బీరువా మీద ఉంది. బిగించాలంటే టైల్స్ పలకల గోడకి అటు రెండు, ఇటు రెండు కన్నాలు పెట్టాలి. దానికి మిషను కావాలి. అతనింట్లో మిషను లేదు. చెప్పుకుంటే నగుబాటు, కానీ లేదు. నాలుగు కన్నాల కోసం పెద్ద మిషను కొనడం తెలివితక్కువతనం. చిన్నది కొందామంటే బిట్టుని పట్టి ఉంచే చక్కులో వెంట్రుకవాసి కదలిక ఉంటుంది. బ్యాటరీది పిల్లల బొమ్మ. దుకాణంలోది ఓ పూట తెచ్చుకుందామంటే ఏది తేవాలో తేలదు. పోనీ వడ్రంగిని పిలుద్దామని ఆమె రెండుసార్లు పిలిచింది. వచ్చినవాడి బిట్టు కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూసి, గుమ్మంలోంచే వెనక్కి పంపాడు ఇతను.

పోయిన వారం ఆమె జారింది. కుళాయి పట్టుకుంటే కుళాయే ఊడి చేతికొచ్చింది. మణికట్టు వాచింది, అంతటితో పోయింది. ఈ పొద్దున అతను చెప్పులేసుకుంటుంటే కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది.

"ఆరింటికి చెల్లెలు బండి తీసుకుని వస్తానంది. అప్పటికి హ్యాండిల్ గోడకుంటే ఉంటాను. లేకపోతే దానితో వెళ్ళిపోతాను."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేమిటండీ. వెళ్ళిపోతానంటున్నా."

గొంతు పెంచలేదు. అందుకే అతనికి కాస్త భయమేసింది. ఈసారి వట్టి బెదిరింపు కాదని తెలిసింది. అంతకంటే ఒళ్ళు మండించింది ఇంకోటి. వెళ్ళేది తోడల్లుడి ఇంటికి.

ఆ తోడల్లుడు బస్సు డిపోలో గుమాస్తా. రంగు బాగుందని మిషను కొన్న మనిషి. నిజంగానే, ఎరుపు బాగుందని కొన్నాడు. వాళ్ళింట్లో గూడు బిగిస్తే డబ్బాలన్నీ జారి ఓ మూలకి చేరతాయి. కర్టెన్ కడ్డీ ఒకవైపు దిగి ఉంటుంది. స్నానాలగదిలో హ్యాండిల్ పెట్టాడు, ఏటవాలుగా, మెట్ల పక్క కమ్మీలాగా. మిషను మీటని గోడలు కొట్టే సుత్తి గుర్తు మీద పెట్టి పలకకి కన్నం వేస్తే పలక ఈ మూలనించి ఆ మూలకి చీలింది. దానిమీద పువ్వుల స్టిక్కరు అంటించాడు. అది చూపించి ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతారు. సిగ్గూ శరం లేని కుటుంబం అనుకున్నాడు అతను, ఆరోజు వాళ్ళింట్లో భోంచేస్తూనే.

మధ్యాహ్నం దుకాణం యజమానురాలు జల్లెడ తలుపు దగ్గరికొచ్చింది. తండ్రి పోయాక దుకాణం చూసుకుంటున్న పిల్ల. అతని ఎత్తిపొడుపులకి భయపడి కొనేవాళ్ళు పక్కవీధి దుకాణానికి పోతున్నారని తెలిసినా, ఇన్నేళ్ళ మనిషని ఊరుకుంటోంది.

"బాబాయ్, పిన్ని నాకూ చెప్పింది. రెండింటికే వెళ్ళిపోండి. ఏ మిషను కావాలంటే అది తీసుకెళ్ళండి."

"ఏది పడితే అది ఎలా తీసుకెళ్తానమ్మా."

"నాలుగు కన్నాలే కదా బాబాయ్!"

నాలుగు కన్నాలే కదా. అతనికి ఒళ్ళు మండిపోయింది. దర్జీ కూడా ఇదే మాట అనుకుని ఉంటాడు. కన్నం అంటే లోకానికి లెక్కే లేదు.

అరలోంచి ఏడు మిషన్లు దింపుకుని వెనకదొడ్లోకి వెళ్ళాడు. పగిలిన పలకలు కుప్పగా పడున్నాయక్కడ. ఒక్కొక్కటీ ఇసకబస్తాకి ఆనించి పెట్టాడు. మొదటి మిషన్ను మెల్లగా, సుత్తి దెబ్బల మీట ఆపేసి, నీళ్ళు చల్లుతూ నడిపించాడు. కన్నం గుండ్రంగా పడింది. అంచులో ఆవగింజంత పెచ్చు లేచింది. పనికిరాదు. రెండోదానికి పెచ్చు లేవలేదు గానీ పిడి చేతిలో వణికింది. ఆమె పట్టుకునే హ్యాండిల్‌కి వణికే చేత్తో కన్నం పెట్టడమా? మూడోది బాగానే ఉంది. బాగానే ఉన్నదాన్ని అతను ఎప్పుడూ నమ్మడు. బిట్టు మార్చి మళ్ళీ చూశాడు.

నిజం చెప్పాలంటే అతని చేతిలో ఏ మిషనైనా బాగానే నడుస్తుంది. ఎర్రరంగుదైనా నడుస్తుంది. అతనికి తప్ప దుకాణంలో అందరికీ ఆ సంగతి తెలుసు. కూర్చున్న చోటునించే వాళ్ళు దొడ్లోకి తొంగిచూసి నవ్వుకున్నారు.

నాలుగున్నరకి యజమానురాలు ఫోను పట్టుకుని వచ్చింది. అతనికి వినపడలేదు. భుజం తట్టి, మిషను ఆపించి, కుడి చెవి దగ్గర పెట్టింది.

"ఎక్కడున్నారు?" భార్య గొంతు.

"ఇక్కడే. మిషను ఎంచుతున్నాను."

"ఇంకా ఎంచుతూనే ఉన్నారా?"

"ఇదిగో, రెండే మిగిలాయి. అయిపోవచ్చింది."

"సరేనండీ" అని పెట్టేసింది. కోపంగా అంటే తిరిగి అనేవాడు. అతను ఆరో మిషను అందుకున్నాడు.

వెలుగు తగ్గి పలకమీద పెట్టిన గుర్తు కనిపించనప్పుడు గడియారం చూసుకున్నాడు. ఆరు దాటి ఇరవై నిమిషాలైంది. ఇసకబస్తా చుట్టూ ఉన్న పలకల్లో ముప్ఫై ఆరు కన్నాలున్నాయి, వాటిలో ముప్ఫై లోపంలేనివి. గబగబా మూడో మిషన్నే సంచిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండున్నరకే బాగుందని తెలిసిన మిషను అది.

ఇంటికి తాళం వేసి ఉంది. తన తాళంచెవితో తీసుకుని లోపలికెళ్ళాడు. బీరువాలో ఆమె అర ఖాళీ. మందుల డబ్బా లేదు. వాచిన మణికట్టుకి రాసుకునే నూనె సీసా లేదు. అతనికి దుఃఖం రావాలి, కోపం వచ్చింది. గంట ఆగలేకపోయిందా? ముప్ఫై ఏళ్ళు కాపరం చేసిన మనిషి, ఒక్క గంట! ఆమె చెల్లెలికి ఫోను చేస్తే తోడల్లుడు ఎత్తాడు.

"అన్నయ్యా, వదిన స్నానానికెళ్ళింది."

"ఈవేళప్పుడు స్నానమేమిటి?"

"వచ్చీరాగానే వెళ్ళింది. ఇవాళ కాస్త ఎక్కువసేపు చేస్తానంది. లోపల కూనిరాగం కూడా తీస్తోంది" అని వాడు నవ్వాడు. మంచివాళ్ళు నవ్వినట్టే నవ్వాడు. దాంతో అతనికి ఇంకా కష్టంగా అనిపించింది.

"మీ హ్యాండిల్ ఊగుతుందేమో చూసుకోండి."

"ఊగదన్నయ్యా. నేను వేలాడి చూశాగా, నా బరువుకే ఆగింది." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "ఓ మాట చెప్పనా? వదిన తిరిగొస్తుందని ఎదురుచూడకండి. మీరే వచ్చి చూసి వెళ్తుండండి. ఎప్పుడైనా రండి, భోజనానికి."

ఫోను పెట్టేశాడు. ఆమె కూనిరాగం తీస్తుందని అతనికి తెలియదు. ఈ ఇంట్లో ఎప్పుడైనా తీసిందేమో అని గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

అయినా పని పని. హ్యాండిల్ బిగించి ఉందని కబురు చేస్తే వస్తుంది, ఎందుకు రాదు అనుకున్నాడు. బీరువా మీది కవరు దింపి, మిషన్నీ టేపునీ తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి, లైటు వేసి, గోడ ముందు వంగాడు.

గోడమీద అప్పటికే నాలుగు ఇంటూ గుర్తులున్నాయి. అటు రెండు, ఇటు రెండు.

మొదట అతనికి నవ్వొచ్చింది, దర్జీలాంటివాళ్ళని చూస్తే వచ్చే నవ్వే. ఎత్తు తప్పు. ఎవరి ఇంట్లోనైనా జానెడు పైన పెడతారు. కొలిచి చూద్దామని టేపు లాగి, సగంలో ఆగిపోయాడు. ఆమె ఈమధ్య వంగి నడుస్తోంది. వంగిన మనిషి చెయ్యి చాపితే సరిగ్గా అక్కడికే అందుతుంది. ఎంత ఎత్తులో పెట్టాలో ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా ఆమెని అడగలేదు. అడిగితే కదా తెలిసేది.

కళ్ళద్దాలు గోడకి తగిలేంత దగ్గరగా జరిగాడు. ఆ గోడ ముందే అతను రోజూ నీళ్ళు పోసుకుంటాడు, కళ్ళద్దాలు తీసేసి. మిషను లోపలి తీగమీద వెంట్రుకంత చీలిక కనిపెట్టే మనిషికి ఈ గుర్తులు కనిపించలేదు. అవి ఒకసారి గీసినవి కావు. నీళ్ళకి చెరిగిపోయినప్పుడల్లా ఆమె మళ్ళీ గీసింది, పాత గీత మీదే. ఒకదాని కింద ఒకటి మసకగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి వదిలేశాడు. నున్నటి పలకమీద మామూలు పెన్సిలు పడదని ఎన్ని వందలమందికి ఎగతాళిగా చెప్పాడో. ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనే తెలుసుకుంది.

మిషను నేలమీద పెట్టేశాడు. ప్లగ్గు పెట్టనే లేదు.

సబ్బులు పెట్టుకునే గూట్లో ఆమె కనుబొమలు దిద్దుకునే పెన్సిలు ఉంది, అరిగి అరిగి వేలిగోరంత మిగిలింది.