మానాంగ్ సలుద్ కోరిన పాట

ఇలోయిలో పట్నంలో లాపాజ్ బజారు వెనక సందులో సలుద్‌ది కుట్టు షాపు. కాలితో తొక్కే మిషన్లు, కత్తిరింపుల బల్ల, ఒక ఫాను, ఒక నిలువుటద్దం, కొలతలప్పుడు లాగే పూల కర్టెను, గోడకి కొట్టిన చెక్క మీద రేడియో. ఇంతే ఆస్తి. మే నెల వచ్చిందంటే బడి యూనిఫారాలు గుట్టలుగా పడతాయి. తెల్ల చొక్కా తరవాత మళ్ళీ తెల్ల చొక్కా, నీలి గౌను తరవాత మళ్ళీ నీలి గౌను. చేతులకి ఎలాగూ మార్పు లేదు, చెవులకైనా ఉండొద్దా అనేది సలుద్ బాధ.

ఆ సందులో రేకుల కప్పుల మధ్య ఒక్క స్టేషనే సరిగ్గా వినపడేది. మిగతావి పెడితే చేపలు వేయిస్తున్న చప్పుడు. ఆ ఒక్క స్టేషనులో ఆ ఏడాది ఒక పాట పట్టుకుంది. "తిరిగి రా" అని మొదలై "తిరిగి రా" అని అయిపోతుంది. మధ్యలో కూడా అదే మాట. పిలిచే అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయిందో మాత్రం ఆ పాడేవాడు ఎక్కడా చెప్పడు. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు పొద్దున వేస్తారు, భోజనాలప్పుడు వేస్తారు, టీ వేళకి వేస్తారు, షాపు మూసేముందు ఇంకోసారి వేస్తారు.

"మానాంగ్, మీ ఆయన వచ్చాడు," అనేది తెలి, పాట మొదలవగానే. మానాంగ్ అంటే అక్కడ అక్క. పక్క మిషను మీద కుట్టే తెలి ఇద్దరు పిల్లల తల్లి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా వేళాకోళం ఆపదు.

"ఇన్నిసార్లు పిలిస్తే రావాలనుకున్నది కూడా రాదే," అనేది సలుద్. "ఆ పిల్లకి బుద్ధుంది కాబట్టే పోయింది."

సంగీతం విషయంలో మాట్లాడే హక్కు తనకుందని సలుద్ నమ్మకం. చిన్నప్పుడు చర్చి గాయక బృందంలో, అసలు రాగానికి జతగా, రెండో గొంతు పాడింది మరి. ఆమెని చివరి వరసలో, స్తంభం వెనకాల నిలబెట్టేవాళ్ళన్నది వేరే సంగతి. గట్టిగా అడిగితే అదీ నవ్వుతూ ఒప్పుకునేది.

ఒకరోజు ఉండబట్టలేక స్టేషనుకి ఫోన్ చేసింది. అక్కడ పాటలు వేసే కుర్రాడు తనకి తనే డీజే తుఫాను అని పేరు పెట్టుకున్నాడు. ఎత్తింది అతనే.

"బాబూ, నేను లాపాజ్ నుంచి, సలుద్‌ని. ఆ 'తిరిగి రా' పాట సంగతి మాట్లాడదామని. రోజుకి నాలుగుసార్లు..."

ఇంతలో ఆమె వెనకున్న రేడియో ఫోన్లో పడి కీచుమని అరిచింది. "అక్కా, మీ రేడియో తగ్గించండి!" అన్నాడు తుఫాను. సలుద్ ఒళ్ళో సగం కుట్టిన గౌను, చేతిలో కత్తెర. లేచేలోపే అతను అందుకున్నాడు. "విన్నారా ఇలోయిలో! లాపాజ్ నుంచి మానాంగ్ సలుద్! రోజుకి నాలుగుసార్లయినా వినాలట! ఇదిగో, మీకోసమే!"

ఫోన్ పెట్టేశాడు. పాట మొదలైంది. సలుద్ ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడింది. తెలి మిషను మీదకి వాలిపోయి భుజాలు కదిలేలా నవ్వింది. మూల మిషను దగ్గర కూర్చునే గొనియా కూడా, ఎప్పుడూ నోరు మెదపని మనిషి, తల దించుకుని గుడ్డలో మొహం దాచుకుంది.

మర్నాడు సలుద్ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి రేడియో కట్టేసి, వీధిలోకి వెళ్ళి మరీ మాట్లాడింది. "నేను వెయ్యమనలేదు నాయనా, మానమన్నాను."

"మానొద్దంటున్నారా? మానం అక్కా, ఒట్టు!"

ఇక అక్కడినుంచి పాట వేసినప్పుడల్లా ముందు సలుద్ పేరు చెప్పడం మొదలుపెట్టాడు. బజారులో చేపలమ్మే ఆవిడ చేప పొలుసు గీకుతూ "తిరిగి రా" అని రాగం తీసి, మానాంగ్‌కోసమని ఒక రొయ్య ఎక్కువ వేసింది. జీపు తోలే భర్త అన్సెల్మోని స్టాండులో తోటి డ్రైవర్లు చుట్టుముట్టి ఏడిపించారు. ఆ సాయంత్రం అతను అన్నం ముందు కూర్చుని చాలాసేపు నీళ్ళు నమిలాడు.

"సలుద్, ఒకటడుగుతాను, కోప్పడకు. నేనెక్కడికీ పోలేదు కదా?"

"పోలేదు."

"మరి ఎవర్ని రమ్మంటున్నావు?"

ఆమెకి కోపం రావలసింది, నవ్వొచ్చింది. తిన్నది పొలమారి అన్సెల్మో చేతే వీపు మీద చరిపించుకుంది. ఆ రాత్రే తీర్మానించుకుంది, ఆ స్టేషనుతో తనకిక పని లేదని. మంచి పాటలు తనే వెతుక్కుంటుంది. ఈ మాత్రం చెయ్యలేకపోతే స్తంభం వెనకాల అన్నేళ్ళు నిలబడ్డదెందుకు?

పొద్దున్నే తెలిని అడిగి ఆమె ఫోను తీసుకుంది. అందులో బోలెడన్ని పాటలుంటాయట, మనం వినేదాన్ని బట్టి మనకి నచ్చేవి అదే ఏరి వేస్తుందట. "పాత ప్రేమపాటలు వెయ్యమను," అంది సలుద్, మహారాణిలా. మొదటిరోజు హాయిగా గడిచింది. రెండోరోజు మధ్యాహ్నం, ఆమె చేతుల నిండా జేబులూ కాలర్లూ ఉండగా, ఫోను నిమ్మళంగా "తిరిగి రా" అంది.

"ఇదెక్కణ్ణుంచి వచ్చిందే ఇక్కడికి?"

"అసలు పాట పాతదే మానాంగ్, ఈ ఏడాది మళ్ళీ పాడారు. ఆపమంటారా?"

"చేతులు ఖాళీగా ఉన్నాయా నీకు? పోనీ, కానియ్యి."

అదే పొరపాటు. పాట చివరిదాకా వింది గనక మానాంగ్‌కి నచ్చిందని ఫోను అనుకుంది. గంట తిరక్కుండా మళ్ళీ వేసింది. ఆ తరవాత అదే పాట ఇంకో ఆయన గొంతులో, పిమ్మట ఒక ఆడమనిషి గొంతులో, ఆ మీదట ఒట్టి గిటారు మీద. డీజే తుఫాను పోయి సుడిగాలి వచ్చినట్టయింది. "మనుషులకే నా మాట అర్థం కాలేదు, యంత్రానికేం అర్థమవుతుంది," అని ఫోను తెలి చేతిలో పెట్టేసింది. మళ్ళీ రేడియోనే గతి.

యూనిఫారాలు ఇవ్వవలసిన గడువు దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫాను ఆగింది, రేడియో ఆగింది. కాలి మిషన్లకి కరెంటుతో పనేముంది, అవి మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ముగ్గురూ చెమటలు కక్కుతూ కుడుతున్నారు. అంత నిశ్శబ్దంగా షాపు ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో, మిషను లయమీద, సన్నగా ఒక పాట.

సలుద్ తల తిప్పి చూసింది. గొనియా. పాడుతున్నట్టు తనకే తెలియనట్టుంది, చూపు సూది మీదే ఉంది. ఒక ఆడమనిషిని ఎండ్రకాయ దోచుకున్న పాట అది. మొదట చెవికమ్మ ఎత్తుకుపోతుంది. ఆవిడ తిడుతుంది. తరవాత దువ్వెన. మళ్ళీ తిడుతుంది, ఇంకొంచెం ఘాటుగా. తరవాత వంటకుండ. చివరికి మొగుణ్ణే ఎత్తుకుపోతుంది. అప్పుడు మాత్రం ఆవిడ తిట్టదు, ఎండ్రకాయకి దారి చూపిస్తుంది.

తెలి పడీపడీ నవ్వింది. సలుద్‌కి నవ్వుతో కళ్ళనీళ్ళు తిరిగాయి. గొనియా ఉలిక్కిపడి ఆపేసింది.

"ఎక్కడిదే ఆ పాట?"

"మా అమ్మమ్మది, మానాంగ్. అంతీకే కొండల్లో, మా ఊళ్ళో. ధాన్యం దంచేటప్పుడు పాడేది."

"ఇన్నేళ్ళుగా నా షాపులో కూర్చున్నావు, ఎప్పుడూ పాడలేదేం?"

"రేడియో పాడుతుంటుంది కదా," అంది గొనియా. "ఒకరు పాడుతుంటే మధ్యలో మనం నోరు తెరిస్తే ఏం బావుంటుంది?"

మర్నాడు సలుద్ రేడియో పెట్టలేదు. "ఏదీ, ఆ ఎండ్రకాయ!" అంది. గొనియా పాడింది, సలుద్ రెండో గొంతు కలిపింది. ఎంత బావుందో! మధ్యాహ్నం మళ్ళీ పాడించింది. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి ఇది వినండి అనేది. పొరుగు షాపులవాళ్ళని పిలుచుకొచ్చింది. సాయంత్రం అన్సెల్మో వస్తే ఆయనకీ వినిపించింది. మొగుణ్ణి ఎత్తుకుపోయే చరణం దగ్గర ఆయన అంతగా నవ్వలేదు. ఇలా రోజులు గడిచాయి. ఇంతకన్నా మంచి సంగీతం ఇలోయిలో మొత్తంలో లేదని సలుద్ తేల్చేసింది.

ఒక పొద్దున "ఏదీ, ఆ ఎండ్రకాయ!" అనబోతుంటే తెలి గుండుసూదులు నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. అంటే మాట పెద్దదేనన్నమాట.

"మానాంగ్, రేడియో పెట్టుకుందామా?"

"రేడియోనా! ఎందుకే?"

"ఆ ఎండ్రకాయని చూస్తే జాలేస్తోంది. రోజూ ఎత్తుకుపోలేక చస్తోంది పాపం. నిన్న మా చిన్నోడు నిద్రలో 'దువ్వెన, దువ్వెన' అని కలవరించాడు."

సలుద్ గొనియా వంక చూసింది. గొనియా దారం కొస తడుపుకుంటూ, "నా గొంతు కూడా బొంగురుపోయింది మానాంగ్. మీరంత ముచ్చటపడుతుంటే చెప్పలేకపోయాను," అంది.

 సలుద్ కత్తిరింపుల బల్ల మీద కూలబడి, మెడలో కొలతల టేపు ఊగేటట్టు నవ్వింది. "ఓరి దేవుడా! ఊరందరినీ కూర్చోబెట్టి, పారిపోకుండా గుమ్మంలో నిలబడి, వాళ్ళు అడగని పాట వినిపించాను కదే! ఆ కుర్రాడైతే నచ్చనివాళ్ళు రేడియో కట్టేసుకునే వీలైనా ఉంచాడు. నన్ను కట్టెయ్యడానికి మీకు మీట కూడా లేకపోయె!"

"వెతికాం మానాంగ్," అంది తెలి. "దొరకలేదు."

ఆ రోజే షాపులో ఒక కట్టుబాటు పెట్టారు. కొలతకొచ్చినా, కుట్టు విప్పించుకోడానికొచ్చినా, వచ్చినవాళ్ళు ఆ షాపులో ఎవరూ పాడని పాట ఒకటి పాడాలి. గొనియాకి విశ్రాంతి. ఎవరైనా అడిగితే తప్ప సలుద్ రెండో గొంతు కలపకూడదు. ఈ చివరి షరతు తెలిది. బడి పంతులమ్మ పిల్లలకి నేర్పే కూడికల పాట పాడింది. బియ్యం కొట్టు చైనా ముసలాయన వాళ్ళ ఫుకియెన్ భాషలో పాటొకటి సగం పాడి, మిగతాది మర్చిపోయానని ఏడ్చి, సాయంత్రం గుర్తొచ్చిందని పరిగెత్తుకొచ్చి పూర్తిచేశాడు. గాడిదలాంటి గొంతులూ వచ్చాయి. వాటినీ నోరు మూసుకుని విన్నారు.

జూన్‌లో వాన జోరుగా పడుతుండగా ఒక పోలీసాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. భారీ మనిషి, పేరు ఎవారిస్తో. ఎవడో జేబుదొంగ వెంటపడి కాలవ దూకితే ప్యాంటు వెనక నిలువునా చిరిగింది. టోపీ వెనక అడ్డం పెట్టుకున్నాడు. కర్టెను వెనక్కి వెళ్ళి ప్యాంటు బయటికి అందించాడు.

"పాట," అంది తెలి.

"నాకు పాటలు రావమ్మా."

"ప్యాంటు మా దగ్గరుంది సార్," అంది సలుద్. "మీ ఇష్టం."

 వాన రేకుల మీద పడుతోంది. కర్టెను వెనక ఆయన గొంతు సవరించుకుని, ఒక జోలపాట ఎత్తుకున్నాడు. తన కూతురికోసం తనే కట్టుకున్నదట. ఆ పిల్లకి నిద్ర రాదు, నాన్న రాత్రి డ్యూటీకి వెళ్ళాలి. పడవలు నిద్రపోయాయి, వంతెన నిద్రపోయింది, దొంగలు కూడా నిద్రపోయారు, ఇక నువ్వూ పడుకో తల్లీ, నాన్న వెళ్ళొస్తాడు, అని. గరుకు గొంతు. ఒకచోట శ్రుతి తప్పింది, ఆగి మళ్ళీ అందుకున్నాడు.

తెలి మిషను ఆగింది. గొనియా మిషను ఆగింది. సలుద్ మిషను ఒక్కటే మెల్లగా కదులుతోంది. చిరుగు ఎప్పుడో మూసుకుపోయింది, దారం తెంపడమే తరువాయి. ఆమె తెంపలేదు. గుడ్డ తిప్పి, అదే కుట్టు పక్కన ఇంకో వరస వేస్తూ కూర్చుంది, పాటలో ఆ పిల్ల నిద్రపోయేదాకా.