తువ్వాల కింద బేరం

ఆర్మూర్‌లో పసుపు కాలం వచ్చిందంటే కాంతమ్మ ఇంట్లో తెల్లబట్ట తెల్లగా ఉండదు. ఇంటి ముందు భాగమంతా రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం. కమ్మర్‌పల్లి నుంచీ ఆలూర్ నుంచీ బండ్లు దిగిన కొద్దీ పసుపు కుప్పలు పెరుగుతాయి. ఆ పొడి నడిచేవాళ్ళ కాళ్ళకంటుకొని వంటింటి దాకా వస్తుంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, పొయ్యి అంటించి, దుకాణానికి చాయ్ పంపి, మధ్యాహ్నం అందరూ తిన్నాక తానింత తిని, కాంతమ్మ భుజాన తువ్వాల వేసుకొని కోడలి గదిలోకి వెళ్ళేది. కడుపులో ఉన్న బిడ్డతో మాట్లాడటానికి తువ్వాల కావాలి మరి.

ఆ రోజుల్లో అక్కడ పసుపు ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. కొనేవాడూ అడ్తిదారూ చేయీ చేయీ కలిపి పైన తువ్వాల కప్పుకొనేవాళ్ళు. ఏ వేలు పట్టుకుంటే ఎంతన్నది ఆ రెండు చేతులకే తెలుసు. అరచేయి నెట్టేస్తే కాదని. బొటనవేలు పట్టి నొక్కితే కుదిరిందని. బొటనవేలు నొక్కాక ఆ బేరం తప్పినవాడికి బజారులో చాయ్ కూడా పుట్టదు.

కాంతమ్మ పెనిమిటి నారాయణదాస్ వంశంలో పుట్టేవాళ్ళు కడుపులోనే ఆ భాష నేర్చుకొని వస్తారు. ఆరో నెల దాటాక తల్లి పొట్ట మీద తువ్వాల కప్పి కింద చేయి పెడితే, తడిగా వెచ్చగా ఒక చిన్న చేయి దొరుకుతుంది. తువ్వాల తీస్తే పొట్టే ఉంటుంది. కొడుకు శ్రీపతి కడుపులో ఉన్నప్పుడు సీతాఫలాలు అడిగి అడిగి కాంతమ్మ ప్రాణం తీశాడు. ఇప్పుడు శ్రీపతి భార్య విద్యావతి వంతు.

బస్తాలు దింపడానికి వచ్చిన ఆలూర్ లింగన్న కూడా వాకిట్లోంచే అడిగేవాడు. "ఏం సావుకారమ్మా, మనుమడేమంటుండు? నా పసుపుకు జర రేటు పెంచుమను."

"నీ పసుపు పచ్చిగనే ఉన్నది లింగన్నా. కడుపుల ఉన్నోళ్ళకు సుత తెలుస్తున్నది, కొననీకొచ్చినోళ్ళకు తెల్వదా?"

లింగన్న నవ్వి బీడీ వెలిగించుకొనేవాడు.

తల్లి తనతో తాను బేరమాడలేదు. మామ కోడలి పొట్ట మీద చేయి పెట్టకూడదు. శ్రీపతి పెడితే చక్కిలిగింతలు పెడతాడని ఆ చిన్న చేయి గోళ్ళతో గీరి పంపింది. కాంతమ్మ ధర్పల్లి దలాల్ బిడ్డ. వేళ్ళ భాష తండ్రి దగ్గరే నేర్చుకుంది. అందుకని ఆ పని ఆమెకే పడింది.

పడిందని ఆమె సంతోషించింది కూడా. పొద్దుందాకా మనుషులు తిరిగే ఇల్లే కానీ, కాంతమ్మతో మాట్లాడేవాళ్ళు లేరు. పెనిమిటి కాంటాతో మాట్లాడతాడు. కొడుకు టెలిఫోన్‌తో మాట్లాడతాడు. కోడలు మొదటి బిడ్డ పోయినప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకోవడం నేర్చుకుంది. పైగా కాంతమ్మకు ఈ మధ్య మతి నిలవడం లేదు. పప్పులో ఉప్పు వేసి మళ్ళీ వేస్తుంది. ఎదురింటామెను చూసి నవ్వుతుంది కానీ పేరు రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గోదాములో పాత పసుపు కొమ్ము పైకి నున్నగా ఉంటుంది, విరిస్తే లోపల పురుగు తిన్న పిండి. తనూ అట్లాగే అవుతోందా అని భయం. ఆ చిన్న చేయి మాత్రం ఆమెను ఏదీ గుర్తుందా అని అడగదు. ఊరికే వేలు పట్టుకొని ఉంటుంది.

మూడేండ్ల కింద విద్యావతి మొదటి కాన్పు ఊళ్ళోనే అయింది. మగపిల్లవాడు. పుట్టి, పిడికిళ్ళు విప్పి, పొద్దు గూకకముందే పోయాడు. రక్తం పోయి విద్యావతి కూడా పోయినంత పని అయింది. అందుకే ఈసారి నిజామాబాద్ డాక్టరు ముందే చెప్పేశాడు, ఇక్కడ వద్దు, పట్నం తీసుకుపొమ్మని.

పట్నంలో ఎక్కడికి? ఆ మాట మీద ఇల్లు రెండయింది.

"ఏడంతస్తుల దవాఖాన కొత్తగ కట్టిండ్రు. లిఫ్టున్నది, చల్లటి రూములున్నయి," అన్నాడు శ్రీపతి.

"మనోళ్ళ కోడండ్లందరు గా డాక్టరమ్మ నర్సింగ్ హోంకే పోతున్నరు. తెలిసినామె. ఫికరుండదు," అన్నాడు నారాయణదాస్.

"నేనెందుకు, నువ్వెందుకు. వచ్చేటోళ్ళనే అడుగుదాం," అని చివరికి నారాయణదాసే పుట్టబోయే బిడ్డకు వదిలేశాడు.

అట్లా కాంతమ్మ వసారాకూ గదికీ నడుమ తిరగడం మొదలైంది. మొదటిసారి గది గడప దాటేసరికి ఏ పేరు అడగాలో మర్చిపోయి వెనక్కి వచ్చింది.

"ఏందమ్మా, మతి గిట్ల అమ్ముకున్నవా?" అన్నాడు శ్రీపతి నవ్వుతూ.

కాంతమ్మ కూడా నవ్వింది. లోపలికి వెళ్ళాక కొంగుతో కళ్ళు తుడుచుకొని తువ్వాల కప్పింది. ఏడంతస్తుల పేరు చెబితే చిన్న చేయి నెట్టేసింది. డాక్టరమ్మ పేరు చెబితే నెట్టేసింది. చుట్టాలు ఇంకేవో పేర్లు చెప్పారు. అన్నిటికీ అదే జవాబు. చివరికి చేయి పిడికిలి బిగించుకుంది. బజారులో పిడికిలి బిగిస్తే బేరానికి కూర్చోనని.

"అత్తమ్మా, ఇది రానంటున్నదా?" అని విద్యావతి అడిగింది. ఆమె మొహం అప్పుడు తెల్లగా, తడి సున్నం గోడలా ఉంది.

కాంతమ్మ వసారాలోకి వచ్చి నిలబడింది. వాకిట్లో కొనుగోలుదారుడొకడు కుప్పలోంచి కొమ్ము తీసి, టప్పున విరిచి, రంగు చూసి, అప్పుడు తువ్వాల కింద చేయి పెట్టాడు. అది చూస్తూ ఆమె ఒక్కసారిగా పెనిమిటి వైపు తిరిగింది.

"సరుకు చూపెట్టకుంట ధర అడుగుతే ఎవడు చెప్తడు? మనం పేర్లు చెప్తున్నం గని, దవాఖాన చూపెట్టినమా?"

నారాయణదాస్ చేతిలోని లెక్క ఆగిపోయింది. సిగ్గుతో మెడ గోక్కున్నాడు. "గిన్నేండ్ల సంది అడ్తి చేస్తున్న. నాకు తట్టకపాయె. నడువుండ్రి, తీస్కపోయి చూపెట్టుండ్రి."

శ్రీపతి, విద్యావతి, కాంతమ్మ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి పట్నంలో గౌలిగూడ బస్టాండులో దిగారు. ఒక సత్రంలో గది తీసుకొని, మరునాడు రిక్షాలో బయలుదేరారు.

ఏడంతస్తుల దవాఖానలో నేల అద్దంలా ఉంది. కాంతమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని నడిచింది. బల్ల వెనుక కూర్చున్న అమ్మాయి మంచిదే, మంచినీళ్ళు ఇప్పించింది.

"కాన్పప్పుడు ఈమె దగ్గర ఎవరుంటరు బిడ్డా?"

"డాక్టర్లుంటారు, నర్సులుంటారు. మీరు కింద హాల్లో కూర్చోవచ్చు. టీవీ ఉంది."

తువ్వాల కింద చిన్న చేయి నెట్టేసింది.

డాక్టరమ్మ నర్సింగ్ హోంలో గోడల మీద బొద్దుగా నవ్వే పిల్లల బొమ్మలు. డాక్టరమ్మ ఆప్యాయంగా మాట్లాడింది. కానీ కాన్పు గది తలుపు లోపలి నుంచి గడియ పడుతుందనీ, ఇంటివాళ్ళు వరండాలోనే ఉండాలనీ చెప్పింది. చేయి ఈసారి ఇంకా గట్టిగా నెట్టింది.

శ్రీపతికి విసుగొచ్చింది. "ఇగ దీనికి రాజుగారి కోట చూపెట్టాలె."

ఎండ నెత్తిన పడుతోంది. రిక్షాలో విద్యావతికి కళ్ళు తిరిగాయి. దగ్గరలో నీడ కనిపిస్తే దిగారు. అది సర్కారు ప్రసూతి దవాఖాన వరండా. గర్భిణులు, సంచులు, చాపలు, పళ్ళేలలో అన్నం, ఏడుపులు, ఫినాయిలు వాసన. ఒక మూల ఖాళీ చేసి ఎవరో ముసలామె విద్యావతిని కూర్చోబెట్టింది. అటుగా పోతున్న నర్సు నిలబడి, నాడి చూసి, గద్దించినట్టు అడిగింది.

"ఈమెతోని ఎవరున్నరు? నువ్వా? అమ్మవా, అత్తవా? నొప్పులొస్తే నువ్వే లోపలికి రావాలె. అయ్యేదాంక చేయి పట్టుకొని ఉండాలె. ఒక్కొక్కలకు ఒక ముసలామె. మాకు చేతులు చాలయి."

కాంతమ్మ అక్కడే నేల మీద కూలబడి తువ్వాల కప్పింది. చిన్న చేయి వచ్చి ఆమె నాలుగు వేళ్ళనూ గట్టిగా పట్టుకుంది.

"గీడనా?" శ్రీపతి గొంతు లేచింది. "అమ్మా, పరువు ఉంటదా? మన ఇంటి కోడలు గీ వరండాలనా?"

"నువ్వు జర ఊకో. బేరం నడుస్తున్నది."

స్థలం నచ్చింది. కానీ బొటనవేలు నొక్కలేదు. ధర తేలలేదన్నమాట. కాంతమ్మ తన బంగారు గాజు చిన్న చేతికి తాకించింది. నెట్టేసింది. తమ ఊరి సిద్ధుల గుట్ట మోకాళ్ళ మీద ఎక్కుతానని మనసులో మొక్కింది. అదీ నెట్టేసింది. ఏమివ్వాలో తోచక, అలసిపోయి, ఆమె ఏదో పాత సంగతి తలుచుకుంది. పెళ్ళైన కొత్తలో నారాయణదాస్ ఎవరూ చూడకుండా తెచ్చిచ్చిన మల్లెచెండు. అది తడి గుడ్డలో ఉండటం, ఆ గుడ్డ చివర ఆయన పంటితో కొరికిన దారం.

చిన్న వేళ్ళు చప్పున బిగిశాయి. ఆ మరుక్షణం కాంతమ్మ ఏం తలుచుకుందో ఆమెకే తెలియలేదు. బస్తా తీసేసిన చోట నేల మీద మరక మిగిలినట్టు, అక్కడ ఏదో ఉండేదని మాత్రం తెలిసింది.

అప్పుడర్థమైంది. మొదటి బిడ్డ ఉత్తచేతులతో వచ్చాడు. పిడికిళ్ళు విప్పి చూశాడు, ఈ లోకంలో పట్టుకొని ఉండటానికి ఏమీ దొరకలేదు, వెళ్ళిపోయాడు. ఈ బిడ్డ పట్టుకొనేందుకు ఏదైనా కావాలంటోంది. అది ఇచ్చే చేయి లోపలిదాకా రాగలిగిన చోటు కావాలంటోంది.

 చావంటే లేని భయం కాంతమ్మకు మరపంటే ఉంది. ఇన్నాళ్ళూ ఏ సంగతికా సంగతి రాత్రిళ్ళు లెక్క చూసుకొని కాపాడుకుంటున్నది ఆ జ్ఞాపకాలనే. అయినా ఆమె వ్యాపారుల ఇంటి ఆడది. పురుగు పట్టిన కుప్పను ఎన్నాళ్ళు దాచినా పిండే మిగులుతుంది. సరుకు సరుకుగా ఉన్నప్పుడే, కావాలని అడిగినవాళ్ళకు ఇచ్చేయాలి. పక్కన విద్యావతి కళ్ళు మూసుకొని గోడకు ఆనుకొని ఉంది. ఇరవై నాలుగేండ్ల పిల్ల. మళ్ళీ ఉత్త ఒడితో ఇంటికి తీసుకుపోవడమా?

కాంతమ్మ చిన్న బొటనవేలు వెతికి పట్టుకొని నొక్కింది. చిన్న చేయి ఆమె బొటనవేలు నొక్కింది.

"కుదిరింది," అంది పైకి లేస్తూ.

"ఎంతకు?" అన్నాడు శ్రీపతి ఇంకా కోపంగానే.

"తువ్వాల కింది మాట బయట చెప్తరారా?"

కొన్నాళ్ళు సత్రంలో ఉన్నారు. ఒక తెల్లవారి నొప్పులు వచ్చాయి. కాన్పు గదిలో పొడుగ్గా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక ముసలామె. కాంతమ్మ ఒక చేత్తో కోడలి చేయి పట్టుకుంది. రెండో చేయి తువ్వాల కింద పెట్టింది. రక్తం ఆగడం లేదని ఎవరో అరిచారు. డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చింది. పక్క భవనం నుంచి రక్తం సీసాలు తెచ్చారు. చిన్న వేళ్ళు సడలుతున్నాయి.

కాంతమ్మ ఇవ్వడం మొదలుపెట్టింది. తల్లి దువ్వి జడవేసిన పొద్దు. ధర్పల్లి బావి నీళ్ళ రుచి. అత్తగారితో మాటామాటా అనుకొని ఏడ్చిన వంటింటి మూల. శ్రీపతి తొలిసారి నిలబడి, నిలబడినందుకు తానే జడుసుకోవడం. ఇచ్చిన ప్రతిసారీ వేళ్ళు కొంచెం బిగిసేవి, మళ్ళీ సడలేవి. చివరికి ఆమె దగ్గర శ్రీపతి పుట్టిన పూట ఒక్కటే మిగిలింది. దాన్ని కాసేపు పట్టుకొని ఉంది. తలుపు అవతల తిరుగుతున్న కొడుకు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఇది కూడా ఇచ్చేస్తే ఆ చప్పుడు ఎవరిదో ఇంక తెలియదని ఆమెకు తెలుసు.

ఇచ్చేసింది.

పిల్ల కేరుమంది. ఆడపిల్ల. రెండు పిడికిళ్ళూ గట్టిగా మూసుకొని పుట్టింది. నర్సు విప్పబోయినా విప్పలేదు. విద్యావతి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

బయటికి వచ్చిన కాంతమ్మను చూసి శ్రీపతి ఎదురు పరిగెత్తాడు. ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. చెమటతో తడిసిన అతని నుదురు తువ్వాలతో తుడిచింది.

"ఎవరి పిల్లగానివి బిడ్డా? పొద్దుటి సంది బుక్కెడన్న తిన్నవా?"

శ్రీపతి అక్కడే వరండాలో నేల మీద కూర్చున్నాడు. పరువు సంగతి అతనికి గుర్తు రాలేదు.

పిల్లకు గంగామణి అని పేరు పెట్టారు. ఇల్లు ఎప్పటిలాగే నడిచింది. వంట విద్యావతి చేసేది. కాంతమ్మను పొద్దున వసారాలో పీట మీద కూర్చోబెడితే, వాకిట్లోకి వచ్చేపోయేవాళ్ళను కొత్త ఊళ్ళో దిగిన మనిషిలా చూస్తూ కూర్చొనేది. నారాయణదాస్ దుకాణం కట్టేశాక వచ్చి పక్కన కూర్చొని, ఆరోజు ధరలు ఆమెకు చెప్పేవాడు. ఇదివరకు ఎన్నడూ చెప్పలేదు. ఆమె మర్యాదగా వినేది.

గంగామణికి మాటలు వచ్చాయి. మధ్యాహ్నం అందరూ పనిలో ఉన్న వేళ, ఆ పిల్ల వచ్చి నాయనమ్మ ఒళ్ళో ఎక్కి కబుర్లు చెప్పేది. ఎవరూ నేర్పని కబుర్లు.

"ధర్పల్లిల ఒక పిల్ల ఉండె. వాళ్ళమ్మ సచ్చిపోయింది. వాళ్ళ నాయిన సంతకు పోతే దర్వాజ కాడ కూసుంటుండె. పొద్దు గూకేది. దీపం ముట్టియ్యనీకి అందకపోతుండె. గోడ మీద బొగ్గుతోని వాళ్ళమ్మ బొమ్మ గీసి, దానితోని ముచ్చట పెడుతుండె."

కాంతమ్మ చెవి ఒగ్గి విన్నది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎవరో తెలియని పిల్ల కోసం.

"పాపం! ఒక్కతేనా?"

"ఒక్కతే."

"మల్ల ఇప్పుడు గా పిల్ల యాడున్నది?"

గంగామణి పిడికిలి మూసి నాయనమ్మ అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు నా దగ్గరున్నది."